ఒకే ఫ్లాట్‌కు మూడు ఫ్రీక్వెన్సీలా?

ప్రశ్న: 30 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న స్టీలు ఫ్లాట్‌ను (చదునైన పట్టీని) మీటరు బయటికి ఉండేలా వైస్‌లో (దవడల మధ్య బిగించే పట్టు సాధనంలో) బిగించాం. సగం బరువు కొసన ఉందనుకుని లెక్కిస్తే ఊగే ఫ్రీక్వెన్సీ 2.84 హెర్ట్జ్ (సెకనుకు 2.84 ఊపులు) వచ్చింది. సాఫ్ట్‌వేర్ 4.08 చూపింది. కొసకు 200 గ్రాముల ఫోన్ కట్టి ఊపి కొలిస్తే 3.1. ఏది నమ్మాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: సాఫ్ట్‌వేర్ లెక్క సరైనదే. మీ కొలతా సరైనదే, కాకపోతే అది ఫ్లాట్, ఫోన్ కలిసి ఊగిన ఫ్రీక్వెన్సీ. తేడా వచ్చింది చేతి లెక్కలో.

ఫ్లాట్ బరువు 1.18 కిలోలు. కొస దగ్గర స్టిఫ్‌నెస్ (వంగకుండా నిలిచే బిగువు) మీటరుకు 187.5 న్యూటన్లు. ఊగేటప్పుడు వైస్ దగ్గరి భాగం దాదాపు కదలదు, ఊపంతా కొసవైపే. కొసన బరువు వేలాడదీస్తే వచ్చే వంపునే తీసుకుని, ముక్కముక్కకీ గతిజ శక్తి కట్టి కూడండి. కొసన పెట్టాల్సిన బరువు సగం కాదు, 140లో 33 వంతులే అని తేలుతుంది. అంటే 0.278 కిలోలు. ఫ్రీక్వెన్సీ 4.14 హెర్ట్జ్. ఒకటిన్నర శాతం ఎక్కువ రావడానికి కారణం, ఫ్లాట్ ఆ ఒక్క వంపులోనే ఊగాలని మనం కట్టడి చేయడం. కట్టడి చేస్తే ఏదైనా కాస్త బిగుసుకుంటుంది. ఇప్పుడు ఫోన్ 0.2 కిలోలు కలపండి: 3.15.

మీ 3.1కీ దీనికీ ఉన్న కొద్ది తేడాకు ముందుగా వైస్‌ను అనుమానించాలి. కొసన 100 గ్రాములు వేలాడదీస్తే అదనంగా 5.2 మి.మీ. దిగాలి. అంతకు మించి దిగితే దవడల దగ్గర ఫ్లాట్ తిరుగుతోందన్నమాట, లేదా మందం 5 కన్నా తక్కువ ఉంది. మందం వెర్నియర్‌తో చూడండి. స్టిఫ్‌నెస్ మందం ఘనాన్ని బట్టి మారుతుంది. ఫోన్ మధ్యభాగం సరిగ్గా కొస మీదికి రావాలి, లోపలికి జరిగితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది.

ఈ 33 వంతుల లెక్క, 1965లో గయన్ చెప్పిన కుదింపు పద్ధతికి (మొత్తం నమూనాను కొన్ని బిందువులకు తగ్గించే పద్ధతికి) అతి చిన్న రూపం. మొదటి ఊపు (అన్నిటికన్నా నెమ్మదిగా ఊగే రూపం) వరకే దీన్ని నమ్మాలి. ఫోన్ లేని ఫ్లాట్‌కు రెండో ఊపు 25.5 హెర్ట్జ్ దగ్గర ఉంది. అదే బల్ల మీద 1500 ఆర్‌పీఎం (నిమిషానికి 1500 చుట్లు) మోటారు తిరిగితే బల్లకు 25 హెర్ట్జ్ కుదుపు అందుతుంది, ఫ్లాట్ గట్టిగా ఊగుతుంది. ఒక్క బరువు నమూనాకు ఈ సంగతి అసలు కనబడదు. అలాంటప్పుడు 1968 నాటి క్రెయిగ్–బాంప్టన్ పద్ధతికి వెళ్లండి: బిగింపు, కొస బిందువులను అలాగే ఉంచి, వాటిని కదలకుండా పట్టుకున్నప్పుడు లోపలి భాగం ఊగే రూపాలు కొన్ని కలపాలి. మీకు కావలసిన గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి కనీసం ఒకటిన్నర రెట్ల వరకు ఉన్న రూపాలన్నీ తీసుకోండి; 25 హెర్ట్జ్ కుదుపుకైతే 40 వరకు.