మోంలూయి వెళ్లబోయే స్వాతికి

చి॥ స్వాతికి, ఆశీస్సులు.

అమ్మానాన్నల్ని టులూజ్ నుంచి, ఫ్రాన్స్–స్పెయిన్ సరిహద్దు దగ్గర పైరెనీస్ కొండల్లో ఉన్న మోంలూయికి తీసుకెళ్దామనుకుంటున్నావని అక్క చెప్పింది. మంచి పని. అయితే కొండల్లో ముచ్చటైన పల్లెటూరని చెప్పి తీసుకెళ్లకు. నాలుగు వీధులు తిరిగేసరికి గంటలో అయిపోతుంది, "దీనికా ఇంత దూరం?" అని బావగారు అడుగుతారు. ఊరంతా కలిపి అర చదరపు కిలోమీటరు కూడా లేదు, జనమూ చాలా తక్కువే. అక్కడ చూడాల్సింది కోట. దాన్ని బయటినుంచి లోపలికి, శత్రువు వచ్చే దారిలో చూడాలి.

ముందు అది అక్కడెందుకుందో తెలుసుకో. 1659లో పైరెనీస్ ఒప్పందంతో ఫ్రాన్స్, స్పెయిన్ సెర్దాన్య లోయను పంచుకున్నాయి. లోయకు అడ్డంగా సరిహద్దు గీత పడింది కానీ దాన్ని కాపాడే కొండ ఒక్కటీ లేదు. స్పెయిన్ వైపు పుచ్‌సెర్దా నుంచి బయల్దేరిన సైన్యం పెద్దగా ఆయాసపడకుండానే పెర్ష్ కనుమ ఎక్కి, టెట్ నది వెంట పెర్పిన్యా దాకా దిగిపోవచ్చు. అందుకే పద్నాలుగో లూయీ దగ్గరి కోటల ఇంజనీరు వోబాన్ 1679లో ఆ కనుమ పక్కనే, 1600 మీటర్ల ఎత్తులో, మూడు లోయలు కలిసేచోట స్థలం ఎంచాడు. 1681కల్లా కోట నిలబడింది. రాజుగారి పేరే ఊరికి పెట్టారు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో రాజు పేరు తీసేసి కొన్నాళ్లు 'మోంలీబ్ర్' అన్నారు. 2008లో యునెస్కో వోబాన్ కోటల్లో పన్నెండింటిని వారసత్వ జాబితాలో చేర్చితే, అందులో ఇదొకటి.

ఒక రాత్రి అక్కడ ఉండేలా చూసుకో. ఒక్కరోజులో వెళ్లిరావాలంటే ప్రయాణంతోనే సరిపోతుంది. టులూజ్ మతబియో స్టేషన్లో పొద్దున్నే రైలెక్కితే సుమారు మూడు గంటల్లో లాటూర్-ద-కారోల్‌లో దిగుతారు. ఆ స్టేషన్లో మూడు రకాల వెడల్పుల పట్టాలుంటాయి: ఫ్రాన్స్‌వి, స్పెయిన్‌వి, మీటర్ గేజ్. మీరెక్కాల్సింది మీటర్ గేజ్ మీద నడిచే పసుపు రైలు. బార్సిలోనా వైపు రైలు కూడా అక్కడినుంచే బయల్దేరుతుంది, హడావుడిలో అదెక్కేయకండి. పసుపు రైళ్లు రోజుకి కొన్నే. మరమ్మతులుంటే బదులుగా బస్సు వేస్తారు. కాబట్టి టికెట్లు కొనేముందు ఆ తేదీకి టైంటేబుల్ చూసుకో, అదీ తిరుగు రైలుతో మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకో. చివరి రైలు పోతే ఆ కొండల్లో వేరే దారి దొరకడం కష్టం.

మోంలూయి–లా కబనాస్ స్టేషన్ కోట దగ్గర లేదు. కింద లా కబనాస్‌లో దిగి, సుమారు కిలోమీటరు ఎక్కాలి. మామూలుగా ఇరవై నిమిషాల నడక, అక్క మోకాళ్లకి అరగంట అనుకో. చక్రాల సూట్‌కేసు వద్దు, భుజానికి తగిలించుకునే సంచులు చాలు. పట్టాల దగ్గర మాత్రం ఆటలు వద్దు. ఆ రైలుకి కరెంటు పైన తీగల్లో ఉండదు, పట్టాల పక్కనే నేలమీద ఉన్న మూడో పట్టాలో 850 వోల్టులుంటాయి. ఫొటో కోసం అడ్డంగా దాటారో, అంతే సంగతులు.

మొదటిరోజు సాయంత్రం గోడల బయట తిరగండి. గోల్కొండ చూసిన కళ్లతో బావగారు ఎత్తైన గోడల కోసం వెతుకుతారు, ఇక్కడ అవి కనపడవు. ఎత్తుగా ఉంటే ఫిరంగిగుండుకి దొరికిపోతాయని గోడల్ని కిందికి దించి, వెనక మట్టి దట్టించారు. గుండు రాతిని పగలగొట్టినా మట్టిలో కూరుకుపోతుంది. ఊరివైపు నడుస్తుంటే గడ్డినేల నెమ్మదిగా మీదికి లేస్తున్నట్టుంటుంది చూడు. అది సహజమైన వాలు కాదు, కావాలని అలా చెక్కారు. ఎక్కివచ్చేవాడు పూర్తిగా గోడమీదివాళ్ల గురిలో ఉంటాడు, వాడికి మాత్రం గోడ పైఅంచు తప్ప ఏమీ కనపడదు. దాక్కోవడానికి చెట్టూ పుట్టా కూడా ఉండకూడదు.

ఆ వాలు అంచున ఒక్కసారిగా అగడ్త వస్తుంది, నీళ్లు లేని పొడి అగడ్త. ఊళ్లోకి దారి ఫ్రాన్స్ ద్వారం. దాని ముందున్న వంతెన మీద బావగారిని కాసేపు నిలబెట్టు. ఎదురుగా ఉన్న గోడను పట్టించుకోవద్దు, రెండు పక్కలా ముందుకు పొడుచుకొచ్చిన బురుజుల్ని చూడమను. ప్రతి బురుజు పక్కగోడా తన ఎదుటి గోడ పాదం పొడుగునా చూడగలిగేలా తిరిగి ఉంటుంది. గోడకి ఎంత అతుక్కుని నిలబడినా ఎక్కడోచోటి నుంచి మీరు కనపడతారు. 'ఇక్కడ నిలబడితే నన్నెవరూ చూడలేరు' అనిపించే మూల ఒక్కటి వెతకమని పందెం వెయ్యి. ఆయనకి మంచి కాలక్షేపం, పైగా కోట మొత్తం దానంతటదే అర్థమైపోతుంది. 'తెరాఁ మిలితేర్' అని బోర్డు కనపడితే అక్కడితో వెనక్కి తిరగండి. అది సైన్యం స్థలం.

రెండోరోజు పొద్దున లోపలి దుర్గం. నాలుగు మూలలా నాలుగు బురుజులున్న చతురస్రం అది. నేటికీ సైన్యమే అందులో ఉంది, జాతీయ కమాండో శిక్షణ కేంద్రం నడుస్తోంది. కాబట్టి మీ అంతట మీరు లోపలికి వెళ్లలేరు, గైడు వెంట గుంపుగానే పంపిస్తారు. ఊళ్లోని పర్యాటక కార్యాలయానికి వారం ముందే రాసి, ఆ రోజు సందర్శన ఉందా, ఎన్నింటికి, ఏ భాషలో అని కనుక్కో. గైడు ఫ్రెంచిలో చెబితే నువ్వే తెలుగులో చెప్పాలి, అందుకే పైన రాసినవన్నీ ముందే బుర్రకెక్కించుకో. సైనికుల్ని ఫొటో తియ్యొద్దు. లోపల తప్పక చూడాల్సింది ఖైదీల బావి: మనుషులు లోపల నడిచి తిప్పే పెద్ద చెక్క చక్రం, దానితో నీళ్లు పైకొస్తాయి. చుట్టుముట్టినా కోటకి దాహం కాకుండా చేసిన ఏర్పాటది. తమాషా ఏమిటంటే, ఆ ముట్టడి ఎప్పుడూ రాలేదు. 1793 ఆగస్టులో స్పెయిన్ సైన్యం దగ్గరికొస్తే ఫ్రెంచి జనరల్ దగోబేర్ బయటికెళ్లి పెర్ష్ కనుమ దగ్గరే తరిమేశాడు. చర్చి దగ్గర పిరమిడ్‌లా ఉన్న స్మారకం ఆయనదే.

మధ్యాహ్నం సౌర కొలిమి చూడండి. 1949లో ఫెలిక్స్ త్రోంబ్ బృందం కట్టినది. చదునైన అద్దం సూర్యుడి వెంట తిరుగుతూ వెలుగును పుటాకార అద్దం మీదికి పంపితే, అదంతా ఒక్క బిందువు దగ్గర చేరి లోహాన్ని కరిగిస్తుంది. మబ్బు పడితే ఆ క్షణమే చల్లారిపోతుంది కాబట్టి ఎండ బాగా ఉన్న వేళే వెళ్లాలి. దీనికంటే పెద్ద కొలిమి దగ్గర్లోని ఓదెయోలో ఉంది, 54 మీటర్ల ఎత్తు అద్దం. మొదటిరోజు వచ్చేటప్పుడే, ఫోంరోమ్యో స్టేషన్ దాటేటప్పుడు రైల్లోంచి చూడండి.

తిండి సంగతి. మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, హోటళ్లూ తక్కువే. 'త్రిన్‌షాట్' అని క్యాబేజీ, బంగాళాదుంప వంటకం పెడతారు. పేరు విని శాకాహారం అనుకునేరు, అందులో పంది మాంసం వేస్తారు. మొదటిరోజుకి పులిహోర కట్టుకెళ్తే నిశ్చింత. ఎండ చురుక్కుమంటున్నా గాలి చల్లగా కోస్తుంది, జూలైలోనైనా స్వెట్టరు ఉండాలి. బావగారి బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టు.

పాస్‌పోర్టులు, నీ రెసిడెన్స్ కార్డు అసలువే పట్టుకెళ్లండి, ఫోన్లో ఫొటోలు చాలవు. సరిహద్దు దగ్గరి రైళ్లలో పోలీసులు అడుగుతారు. లివియా అని ఫ్రాన్స్ మధ్యలో ఒంటరిగా మిగిలిపోయిన స్పెయిన్ పట్టణం దగ్గర్లోనే ఉంది (1659 తర్వాత పల్లెలు మాత్రమే ఫ్రాన్స్‌కి పోయాయి, లివియా పట్టణం కాబట్టి పోలేదు). అక్కడికెళ్తే సింగిల్ ఎంట్రీ వీసా అయిపోతుందని అక్క కంగారుపడుతోందట. రెండు దేశాలూ ఒకే వీసా నడిచే షెంగెన్ లోపలే కదా, ఏమీ కాదని చెప్పు.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిలో వద్దు. పసుపు రైల్లోనే కిందికి విల్‌ఫ్రాంష్ దాకా దిగండి, లైను మొత్తంలో అదే అందమైన ముక్క. దారిలో వేలాడే రైలు వంతెన వస్తుంది. దాన్ని రూపొందించిన సైనిక ఇంజనీరు జిస్‌క్లార్ 1909లో పరీక్షల రోజున జరిగిన ప్రమాదంలోనే చనిపోయాడు. వేసవిలో పైకప్పు లేని పెట్టెలుంటాయి, మీరిద్దరూ అందులో కూర్చున్నా అక్కని మాత్రం మూసిన పెట్టెలో కూర్చోబెట్టు, సొరంగాల్లో చలి కొరుకుతుంది. విల్‌ఫ్రాంష్‌లో మారి పెర్పిన్యా, అక్కణ్నుంచి నార్బోన్ మీదుగా టులూజ్. నార్బోన్‌లో రైలు మారడానికి కనీసం అరగంట వ్యవధి ఉండేలా టికెట్లు తీసుకో.

మీ మామయ్య