ల్యాప్‌టాప్ స్పీకర్లు మూగబోతే ఎక్కడ వెతకాలి?

కంప్యూటర్ సందేహాలు – సమాధానాలు

(ఆదేశాలను, ఫైళ్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేసుకోవాలి.)

ప్రశ్న: నా దగ్గర 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ 10కు మద్దతు ఆగిపోవడంతో, ఈ యంత్రం విండోస్ 11కు పనికిరాదని తెలిసి, మా అబ్బాయి చేత ఉబుంటు 24.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకున్నాను. వైఫై, కెమెరా, ప్రింటర్ అన్నీ పనిచేస్తున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పాటలు చక్కగా వినిపిస్తాయి కానీ, తీసేస్తే ల్యాప్‌టాప్ సొంత స్పీకర్ల నుంచి చప్పుడే రాదు. ఇంటర్నెట్‌లో చదివి ఆల్సా-బేస్ అనే ఫైలు చివర ‘మోడల్ = జెనరిక్’ అన్న వరుస ఒకటి చేర్చినా ఫలితం కనిపించలేదు. రిపేరు దుకాణంలో స్పీకర్లు పోయాయి, మార్చాలన్నారు. మార్పించమంటారా, లేక ఉబుంటునే తీసేసి మళ్ళీ వేయించమంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. హెడ్‌ఫోన్స్‌లో శబ్దం వస్తోందని మీరు రాసిన ఒక్క వాక్యంతోనే సగం పని తేలిపోయింది. మీ తరం ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్స్‌కూ స్పీకర్లకూ శబ్దాన్ని పంపేది సాధారణంగా ఒకే కోడెక్ చిప్ (డిజిటల్ శబ్దాన్ని స్పీకర్లకు తగిన సంకేతంగా మార్చేది). పాట వినిపించే ప్రోగ్రాము నుంచి శబ్దం ముందుగా పైప్‌వైర్ అనే సౌండ్ సర్వరుకు, అక్కడి నుంచి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోని ఆల్సా డ్రైవరుకు, దాని నుంచి కోడెక్‌కు చేరుతుంది. అక్కడే ఒక పాయ హెడ్‌ఫోన్ జాక్‌కు, మరొక పాయ స్పీకర్లకు విడిపోతుంది. హెడ్‌ఫోన్స్ పలుకుతున్నాయంటే కోడెక్ దాకా అంతా సవ్యంగానే ఉందన్న మాట. కాలువ నిండా నీరుండి శివారు చేనుకు మాత్రం అందకపోతే చివరి తూము దగ్గర చూస్తారు గానీ ఆనకట్ట దగ్గరికి పరుగెత్తరు గదా. ఉబుంటును మళ్ళీ వేయించినా అదే డ్రైవరు అదే అమరికతో మొదలవుతుంది కాబట్టి ఆ శ్రమకు ఫలితం ఉంటుందని చెప్పలేం.

అన్నిటికంటే ముందు మీరు చేర్చిన ఆ వరుసను తీసేయండి. ఒకే కోడెక్‌ను వేర్వేరు కంపెనీలు వేర్వేరుగా అమర్చుకుంటాయి. చిప్ ఏ కాలికి (పిన్‌కు) స్పీకరు తగిలించారో, ఏ కాలికి జాక్ తగిలించారో తెలిపే వివరాన్ని బయోస్ (యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) కోడెక్‌లో రాసి పెడుతుంది. ఆ రాత తప్పుగా ఉన్న యంత్రాల కోసం డ్రైవరులో మోడళ్ల వారీగా సవరణల పట్టిక ఉంటుంది, డ్రైవరు దానిని తనంతట తానే చూసుకుంటుంది. విండోస్‌లో ఈ పనిని కంపెనీ ఇచ్చిన డ్రైవరు చేసిపెట్టేది కాబట్టే అక్కడ ఏ ఇబ్బందీ తెలియలేదు. ‘మోడల్’ అన్న వరుసను మనం చేత్తో రాస్తే డ్రైవరు తన పట్టికను పక్కనబెట్టి మన మాటే వింటుంది. అది మీ యంత్రానికి సరిపడకపోతే పలకగలిగిన స్పీకర్లు కూడా ఆ వరుస వల్లనే మూగబోవచ్చు. పదేళ్ల కిందటి సలహాలు ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతుంటాయి కనుక ఏ సలహానైనా పాటించే ముందు దాని తేదీ చూడటం మంచిది. ఉబుంటు 22.10 నుంచి పల్స్‌ఆడియో అనే పాత సౌండ్ సర్వరు స్థానంలో పైప్‌వైర్ వచ్చింది. అంతకుముందు రాసిన సూచనల్లో చాలా భాగం మీ యంత్రానికి వర్తించదు. ఆ ఫైలు ఈటీసీ ఫోల్డరులోని మోడ్‌ప్రోబ్.డీ అనే ఫోల్డరులో ఉంటుంది. వరుసను తొలగించాక యంత్రాన్ని రీస్టార్ట్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, కాసేపు ఆగి తిరిగి ఆన్ చేయండి.

ఇక దుకాణం వారి మాట. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన రోజే కుడి, ఎడమ స్పీకర్లు రెండూ ఒకేసారి పాడైపోవడం నమ్మదగినది కాదు. అయినా ఊహతో పని లేకుండా తేల్చుకోవచ్చు. ఆన్ చేసిన వెంటనే ఫలానా మీట నొక్కితే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా యంత్రాన్ని పరీక్షించే సదుపాయాన్ని కొన్ని కంపెనీలు ఇస్తాయి, ఆ పరీక్షలలో స్పీకర్ల నుంచి శబ్దం వినిపించేది కూడా ఉంటుంది. మీ యంత్రంలో అది ఉండి, ఆ శబ్దం వినిపిస్తే స్పీకర్లు, వాటి తీగలు క్షేమమే. ఆ సదుపాయం లేకపోతే వేరే లినక్స్ పంపిణీని పెన్‌డ్రైవులో పెట్టుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే యంత్రాన్ని నడిపి చూడండి; అందులో పలికితే స్పీకర్లు బాగున్నట్లే.

స్పీకర్లు బాగున్నట్లయితే టెర్మినల్ తెరిచి ‘ఆల్సామిక్సర్’ అని టైపు చేయండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: మొదట కనిపించేది పైప్‌వైర్ తాలూకు ఒకే ఒక్క నిలువు పట్టీ, అది పూర్తిగా పైకి ఉండటం చూసి అంతా సరిగానే ఉందనుకుని మూసేస్తారు. ఎఫ్6 మీట నొక్కి, వచ్చే జాబితాలో హెచ్‌డీఏ ఇంటెల్ అన్న పేరున్న కార్డును ఎంచుకుంటేనే అసలు పట్టీలు కనిపిస్తాయి. ఆ పేరున్నవి రెండుంటే, టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ తాలూకు దానిని వదిలేసి, కింద చిప్ పేరు దగ్గర రియల్‌టెక్ వంటి కోడెక్ పేరు ఉన్నదానిని తీసుకోండి. మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్ అని విడివిడిగా పట్టీలు ఉంటాయి. స్పీకర్ పట్టీ అడుగున రెండు ఎం అక్షరాలు కనిపిస్తే అది మూసి ఉన్నట్లు. బాణం మీటలతో అక్కడికి వెళ్లి ఎం మీట నొక్కితే వాటి స్థానంలో రెండు సున్నాలు వస్తాయి. పట్టీని పైకి జరిపి, మరో టెర్మినల్‌లో ‘స్పీకర్-టెస్ట్’ ఆదేశాన్ని రెండు ఛానళ్లతో, వేవ్ రకంతో నడిపితే ముందు ఎడమ, తరువాత కుడి అని ఇంగ్లీషులో ఒక స్త్రీ గొంతు పలుకుతుంది.

స్పీకర్ పట్టీ తెరిచే ఉన్నా శబ్దం రావడం లేదంటే, లేదా మీరు తెరిచినా అది తనంతట తాను మూసుకుంటోందంటే, అనుమానించవలసింది హెడ్‌ఫోన్ జాక్‌నే. మీ ఉత్తరం చదివాక నా అనుమానం ఎక్కువగా దీని మీదే ఉంది. ప్లగ్గు లోపలికి వచ్చిందో లేదో కోడెక్‌కు తెలియజేసే ఏర్పాటు జాక్‌లో ఉంటుంది. దుమ్మో, నూలుపోగో చేరినా, లోపలి రేకు వంగినా హెడ్‌ఫోన్స్ తీసేసిన తరువాత కూడా అవి ఉన్నట్లే కోడెక్ భావిస్తుంది. ఉన్నాయనుకుంటే స్పీకర్లను మూసేయడం దాని ధర్మం. ఇది తెలుసుకోవడం సులభం. హెడ్‌ఫోన్స్ తీసేసి సెట్టింగ్స్‌లోని సౌండ్ విభాగం చూడండి. ఏమీ తగిలించకపోయినా అవుట్‌పుట్ జాబితాలో హెడ్‌ఫోన్స్ అనే పేరు మిగిలి ఉంటే దోషం జాక్‌దే. ల్యాప్‌టాప్ ఆపి, ప్లగ్గును నాలుగైదు సార్లు పెట్టి తీయడం, పొడి గాలి ఊదడం మొదటి వైద్యం. గుండుసూదులతో కెలకవద్దు.

అప్పటికీ జాక్ తీరు మారకపోతే దాని మాట వినవద్దని సిస్టమ్‌కు చెప్పవచ్చు. దీనికి రెండు చోట్ల మార్పు చేయాలి, ఒక చోట చేసి రెండోది మరిచిపోవడం వల్లనే చాలామందికి ఫలితం రాదు. మొదటిది ఆల్సామిక్సర్‌లో కుడి చివర ఉండే ఆటో-మ్యూట్ మోడ్. కింది బాణం మీటతో దానిని డిజేబుల్డ్‌కు మార్చండి. రెండవది పైప్‌వైర్ ఎంపిక. హెడ్‌ఫోన్స్ ఉన్నాయని నమ్మినంతకాలం అది కూడా తన వంతుగా స్పీకర్ పట్టీని మూస్తూనే ఉంటుంది. ‘పావుకంట్రోల్’ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, అందులో అవుట్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌లోని పోర్ట్ దగ్గర, పక్కన అన్‌ప్లగ్డ్ అని రాసి ఉన్నా సరే, స్పీకర్స్‌నే ఎంచుకోండి. శబ్దం వచ్చాక ‘సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్’ అన్న ఆదేశంతో అమరికను భద్రపరచండి. ఈ ఏర్పాటుకు ఒక మూల్యం ఉంది: ఇకమీదట హెడ్‌ఫోన్స్ పెట్టినప్పుడు స్పీకర్లు వాటంతట అవి ఆగవు, మీరే పోర్టు మార్చుకోవాలి. అది విసుగనిపిస్తే అప్పుడు దుకాణానికి వెళ్లి, స్పీకర్లు కాదు, జాక్ మార్చమని అడగండి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోవడంతో అందులోని ఎస్‌ఎస్‌డీని తీసి కొత్తగా కొన్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. డెబియన్ లినక్స్ 11 నుంచి 12కు అప్‌గ్రేడ్ చేసుకున్న సిస్టమ్ అది; యథాతథంగా బూట్ అయింది. కానీ సౌండ్ సెట్టింగ్స్‌లో ‘డమ్మీ అవుట్‌పుట్’ అని తప్ప మరేమీ కనిపించలేదు. ఒకచోట చూసి డీఎస్‌పీ-డ్రైవర్ అనే సౌండ్ డ్రైవరు అమరిక విలువను 1గా పెడితే స్పీకర్లు పలికాయి. అయితే ఆన్‌లైన్ తరగతిలో నా మాట విద్యార్థులకు వినిపించడం లేదు.
– ఒక ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకుడు, వరంగల్

జవాబు: మీ రెండు కష్టాలకూ మూలం ఒకటే. డమ్మీ అవుట్‌పుట్ అంటే సౌండ్ సర్వరుకు ఒక్క సౌండ్ కార్డు కూడా దొరకలేదని, ప్రోగ్రాములు ఆగిపోకుండా ఉత్తుత్తి కార్డును నిలబెట్టిందని అర్థం. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో అంతర్గత మైకులు డిజిటల్ రకానివి. అవి కోడెక్‌కు కాక, ఇంటెల్ చిప్‌లోనే ఉండే డీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసరుకు నేరుగా తగిలించి ఉంటాయి. ఆ డీఎస్‌పీ పనిచేయాలంటే ఆన్ అయిన ప్రతిసారీ దానిలోకి ఒక ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే చిన్న ప్రోగ్రాము) ఎక్కాలి. 2018లో ప్రకటించిన సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ప్రాజెక్టు నుంచి వచ్చేదే అది, పొట్టిగా సోఫ్ అంటారు. మీ పాత యంత్రానికి దాని అవసరం లేదు కాబట్టి ఆ డిస్కులో అది లేదు. ఫర్మ్‌వేర్ దొరకనప్పుడు డ్రైవరు మైకుతో పాటు స్పీకర్లను, హెడ్‌ఫోన్స్‌ను కూడా వదిలేసి చేతులెత్తేస్తుంది. ‘సుడో డీమెసేజ్’ ఇస్తే (టైపు చేసేటప్పుడు డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అయిదు అక్షరాలు చాలు) సోఫ్ ఫైలు లేదంటూ మైనస్ 2 అన్న సంఖ్యతో ఒక వరుస కనిపించాలి. ఫైలు కనబడలేదని చెప్పడానికి లినక్స్ వాడే సంఖ్య అది.

మీరు పెట్టిన 1 విలువ డీఎస్‌పీని పూర్తిగా పక్కకు తప్పించి పాత పద్ధతి డ్రైవరును నడుపుతుంది. స్పీకర్లు కోడెక్ మీద ఉన్నాయి కనుక పలికాయి, మైకు డీఎస్‌పీ మీద ఉంది కనుక దానికి దారి మూసుకుపోయింది. అత్యవసరంలో వాడుకోవడానికి తప్ప ఆ చిట్కాను స్థిరంగా ఉంచుకోవడం దండగ. ఆ వరుసను తొలగించి ‘ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్’ అన్న ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. అది దొరకడం లేదని ఆప్ట్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆదేశం) చెబితే ఆశ్చర్యపోవద్దు: 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఇలాంటి ఫర్మ్‌వేర్లన్నిటినీ ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే కొత్త విభాగంలోకి మార్చారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవారికి అవసరాన్ని బట్టి ఇన్‌స్టాలరే దానిని చేరుస్తుంది గానీ, 11 నుంచి అప్‌గ్రేడ్ అయినవారు సోర్సెస్.లిస్ట్ ఫైలులో ఆ విభాగం పేరును తామే రాసుకోవాలి. తరువాత ‘ఆప్ట్ అప్‌డేట్’, ప్యాకేజీ ఇన్‌స్టాల్, పూర్తి షట్‌డౌన్. ఫెడోరాలో ఇదే ప్యాకేజీ పేరు ఆల్సా-సోఫ్-ఫర్మ్‌వేర్, ఆర్చ్‌లో సోఫ్-ఫర్మ్‌వేర్.

ల్యాప్‌టాప్ మరీ కొత్తదైతే డెబియన్ 12తో వచ్చే 6.1 కెర్నెల్‌కు దాని సంగతి తెలియకపోవచ్చు. అప్పుడు బ్యాక్‌పోర్ట్స్ (పాత వెర్షన్‌కు కొత్త ప్యాకేజీలు అందించే డెబియన్ విభాగం) నుంచి కొత్త కెర్నెల్‌ను, దానితో పాటు కొత్త ఫర్మ్‌వేర్‌ను తెచ్చుకోవాలి.

ప్రశ్న: 2022లో కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 21.2 వాడుతున్నాను, కెర్నెల్ 5.15. హెడ్‌ఫోన్స్ పలుకుతాయి, స్పీకర్లు పలకవు. ఆల్సామిక్సర్‌లో అన్నీ తెరిచే ఉన్నాయి, జాక్ కూడా బాగానే ఉంది. ఇంకేం చూడాలి?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కెర్నెల్ సంఖ్యను చూడాలి. ఈ తరగతి యంత్రాలలో కోడెక్‌కూ స్పీకర్లకూ మధ్య విడిగా స్మార్ట్ యాంప్లిఫయర్ చిప్‌లు ఉంటాయి. వాటిని డ్రైవరు నిద్రలేపి, వాటి ఫర్మ్‌వేర్ అందిస్తే తప్ప కోడెక్ ఎంత శబ్దం పంపినా స్పీకర్లకు చేరదు. హెడ్‌ఫోన్స్ దారిలో ఆ చిప్‌లు లేవు కనుక అవి పలుకుతాయి. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో వచ్చే సిర్రస్ లాజిక్ వారి సీఎస్35ఎల్41 చిప్‌కు మద్దతు కెర్నెల్ 5.17తోనూ, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఏఎస్2781కు మద్దతు 6.6తోనూ వచ్చింది. మీ 5.15 రెండింటికంటే పాతది. సిస్ ఫోల్డరులోని బస్, దానిలో ఏసీపీఐ, దానిలో డివైసెస్ ఫోల్డరు తెరిచి చూడండి. సీఎస్‌సీ3551 అని మొదలయ్యే పేరు ఉంటే మొదటి చిప్, టీఐఏఎస్2781 అని ఉంటే రెండవది.

మింట్‌లో అప్‌డేట్ మేనేజరు వ్యూ మెనూలోని లినక్స్ కెర్నెల్స్ నుంచి 6.8 వేసుకోవచ్చు, లేదా 6.8తోనే వచ్చే మింట్ 22కు మారవచ్చు. రెండవ దారే నయమని నా అభిప్రాయం. దానితో ఫర్మ్‌వేర్ ఫైళ్లు కూడా కొత్తవి వస్తాయి, సౌండ్ సర్వరు కూడా పైప్‌వైర్‌కు మారుతుంది. మారే ముందు మింట్ 22ను పెన్‌డ్రైవు నుంచి నడిపి స్పీకర్లు పలుకుతాయో లేదో విని చూసుకోండి.

చిప్ ఉండి, కెర్నెల్ కొత్తదై, అప్పటికీ నిశ్శబ్దమే అయితే ఆ చిప్‌ను ఎలా తగిలించారో తెలిపే వివరాలు మీ ల్యాప్‌టాప్ బయోస్‌లో లేవని అనుకోవాలి. కొన్ని మోడళ్లలో ఇది నిజంగానే జరిగింది, వాటి వివరాలను తరువాత కెర్నెల్‌లోనే చేర్చవలసి వచ్చింది. ముందు కంపెనీ సైటులో కొత్త బయోస్ ఉందేమో చూడండి. లేకపోతే ‘ఆల్సా-ఇన్ఫో’ ఆదేశం తయారుచేసే నివేదికను జతపరిచి కెర్నెల్ లోపాలను నమోదుచేసే బగ్‌జిల్లా సైటులో మీ మోడల్ పేరుతో ఫిర్యాదు నమోదు చేయండి. సవరణ రాసేవారికి మొదట కావలసింది ఆ నివేదికే. అది వచ్చేదాకా యూఎస్‌బీ సౌండ్ అడాప్టరు ఒకటి కొనుక్కుని బయటి స్పీకర్లు తగిలించుకోండి. మామూలు రకాలకు లినక్స్‌లో వేరే డ్రైవరు వేయనక్కరలేదు.