ఆ పదవుల చిట్టా పక్కన పెట్టు

చెన్నై, పెరంబూరు

చి. అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. సెప్టెంబరు 5న బడిలో రాధాకృష్ణన్ గారి మీద పది నిమిషాలు మాట్లాడమన్నారని, ఆయన పదవులన్నీ వరసగా రాసుకున్నానని ఫోన్లో చెప్పావు. ఆ కాగితం పక్కన పెట్టు. మూడో పదవి చదివేలోపే వెనక బెంచీలో ఆవలింతలు మొదలవుతాయి.

పాత పుస్తకాలతో మొదలుపెట్టు. తిరుత్తణిలో పుట్టిన ఆ లేనింటి పిల్లాడు తత్త్వశాస్త్రం కోరి తీసుకోలేదు. చుట్టం ఒకాయన డిగ్రీ అయ్యాక తన పుస్తకాలు ఇచ్చేశాడు. కొనే ఖర్చు తప్పుతుందని అదే చదివారు. మీ క్లాసులో అక్క పుస్తకాలతో చదివేవాళ్ళు ఎంతమంది లేరు? టక్కున తలెత్తుతారు.

చదివింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. తాంబరం అనకు! నేనోసారి అనేశాను. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "అప్పుడు కాలేజీ హైకోర్టు ఎదురుగా ఉండేదయ్యా, తాంబరం పోయింది 1937లో" అన్నాడు. ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. 1909లో పాఠాలు మొదలుపెట్టింది మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో. 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే విద్యార్థులే ఆయన బండిని స్టేషన్ దాకా లాగారు.

మాస్కో దగ్గర మాత్రం నిదానించు. 1949లో రాయబారిగా పంపారు. అంతకుముందున్న విజయలక్ష్మీ పండిట్ గారికి స్టాలిన్ దర్శనమే దొరకలేదు, ఈయనకు 1950 జనవరిలో దొరికింది. కళింగ గెలిచి కత్తి వదిలేసిన అశోకుడి కథ స్టాలిన్ ముందే ఎత్తారని చెబుతారు. నువ్వూ "చెబుతారు" అనే అను. మొండి పిల్లాడికి పాఠం చెప్పడం అలవాటైనవాడికే అంత ధైర్యం వస్తుందేమో! రాయబారిగా ఉంటూనే ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు కూడా మానలేదు, తెలుసా? 1952 దాకా ఆ ఉద్యోగం ఉంచుకున్నారు.

పార్టీ జెండా మోయకుండానే 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆ సంగతి ఒక్క ముక్కలో తేల్చెయ్యి.

మనవాడా, తమిళుడా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇంటిపేరు నెల్లూరు వైపు సర్వేపల్లిది, తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. అంత చెప్పి ఊరుకో, స్టాఫ్ రూములో తగువు మనకెందుకు?

ఆదివారం మైలాపూరు వెళ్దాం. రిటైరయ్యాక ఆయన ఉన్న 'గిరిజ' ఇల్లు ఆయన పేరు పెట్టిన రోడ్డులోనే. దారిలో బస్సులో నాకు ప్రసంగం అప్పజెప్పు, కాగితం తేకు. అత్తయ్య పులిహోర కడతానంది.

మామయ్య