కార్ట్ దిగి ఫార్ములా కారెక్కే వేళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి 9 ఏళ్లు. 60 సీసీ మినీ కార్ట్ నడుపుతున్నాడు. వాడితో మొదలుపెట్టిన పిల్లలు కొందరు అప్పుడే పెద్ద బండి ప్రాక్టీసు చేస్తున్నారు. మేం వెనకబడుతున్నామా?

జవాబు: లేదు. మినీ క్లాసులు ఉన్నవే 8 నుంచి 12 ఏళ్ల వయసు వాళ్ల కోసం. ఆ పైన జూనియర్‌లో 125 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ వస్తుంది. ఓకే జూనియర్ అనే క్లాసులో దాని వేగాన్ని 14,000 ఆర్‌పీఎం దగ్గర కట్టేస్తారు, సీనియర్ ఓకేలో 16,000 దాకా వదులుతారు. కానీ మీవాడిని ఇబ్బంది పెట్టేది ఇంజిన్ కాదు, కొలతలు. మినీ బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 950 మిల్లీమీటర్లు. పెద్ద ఛాసిస్‌లో (బండి చట్రంలో) అది దాదాపు 1,040. కాళ్లు పెడళ్లకు అందడం లేదని సీటు ముందుకు జరిపారనుకోండి, బరువంతా ముందుకు పోతుంది. డ్రైవర్ కూర్చున్నాక ముందు చక్రాల మీద సుమారు 43 శాతం, వెనక చక్రాల మీద 57 శాతం ఉండాలి. ఆ లెక్క తప్పిన బండి మలుపులో వెనక పట్టు వదిలేస్తుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి పిల్లాడు నేర్చుకునే అలవాట్లు తర్వాత ఒక పట్టాన వదలవు.

మా కొలబద్ద ఒకటుంది, రూల్‌బుక్‌లో దొరకదు. అడ్డం ఎవరూ లేని ట్రాక్ మీద వరసగా 10 ల్యాపులు తిప్పించండి. అన్నిటికంటే వేగమైన ల్యాపుకీ, నెమ్మదైన ల్యాపుకీ తేడా 0.3 సెకన్ల లోపు ఉండాలి. బండి దిగాక ఏ మలుపులో ముందు జారిందో, ఏ మలుపులో వెనక జారిందో మీరు అడక్కుండానే చెప్పగలగాలి. రెండూ కుదిరితే పై క్లాసు గురించి ఆలోచించండి.

ఈలోగా సీటు చూడండి. సీటు వదులుగా ఉంటే ప్రతి మలుపులో పక్కటెముకలు అంచుకు కొట్టుకుంటాయి. కార్టింగ్‌లో పిల్లలు రోజుల తరబడి ఆగిపోయే గాయాల్లో ఇది ముఖ్యమైనది. ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ) 8870 ప్రమాణం ఉన్న రిబ్ ప్రొటెక్టర్ (పక్కటెముకల కవచం) తొడిగించి, దాంతోనే సీటు సైజు సరిచూడండి. ముందు సీటు కొని తర్వాత ప్రొటెక్టర్ కొంటే ఏదో ఒకటి మళ్లీ కొనాల్సి వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి జూనియర్ క్లాసులో ఉంది. మొదటి 3 ల్యాపులు బాగా వస్తాయి, 5వ ల్యాపు నుంచి వెనక చక్రాలు జారుతున్నాయంటుంది. మెకానిక్ యాక్సిల్ (వెనక ఇరుసు) మార్చమంటున్నాడు. స్ప్రాకెట్ (గొలుసు తిరిగే పళ్లచక్రం) ఏది వేయాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: యాక్సిల్ జోలికి వెళ్లకముందు ప్రెషర్ గేజ్ తీయండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి పెట్టారో రాసుకోండి. పొడి ట్రాక్ మీద మామూలుగా 0.6, 0.8 బార్ మధ్యలో ఉంటుంది. బండి పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయకముందే, నాలుగు టైర్లూ మళ్లీ కొలవండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. మొదట బాగుండి తర్వాత జారుతోందంటే వేడికి టైరులో ఒత్తిడి మరీ పెరిగి, నేలను తాకే భాగం తగ్గిపోతోందని ముందుగా అనుమానించాలి. వెనక టైర్లలో 0.05 బార్ తగ్గించి మళ్లీ 8 ల్యాపులు పంపండి. అదే జారుడు 5వ ల్యాపు బదులు 7వ ల్యాపులో మొదలైతే దారి సరైనదే. ఇంకొంచెం తగ్గించండి. మరీ తగ్గిస్తే టైరు వేడెక్కడానికే ల్యాపులు పట్టి మొదటి ల్యాపుల్లో వెనకబడుతుంది. కాబట్టి రేసులో ఎన్ని ల్యాపులుంటాయో చూసుకుని తగ్గించాలి.

గాలి మార్చినా తేడా రాకపోతే అప్పుడు బండి వైపు చూడాలి. కార్ట్‌కు సస్పెన్షన్ లేదు, డిఫరెన్షియల్ లేదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, ఒకటి తిరిగినంతే రెండోదీ తిరుగుతుంది. అందుకే మలుపు తిరగాలంటే లోపలి వెనక చక్రం నేల మీంచి కాస్త లేవాలి. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాల క్యాస్టర్ కోణమే (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) ఆ పని చేస్తుంది. చక్రం చాలినంత లేవకపోతే బండి నేలకు అతుక్కున్నట్టయి, మలుపు దాటాక ఇంజిన్ గొంతు పట్టేస్తుంది. మరీ లేస్తే బండి గంతులేస్తుంది. వెనక రెండు చక్రాల మధ్య వెడల్పును మార్చడం, ముందు రెండు చక్రాల మధ్య వెడల్పును మార్చడం, క్యాస్టర్ మార్చడం ఇవన్నీ ఆ చక్రం ఎంత లేవాలి, ఎంతసేపు లేవాలి అన్నదాన్ని సరిచేసే మార్గాలే. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చి బండి బాగుపడితే ఏది పనిచేసిందో తెలియదు, పాడైతే ఏది వెనక్కి తిప్పాలో అసలే తెలియదు.

స్ప్రాకెట్ గురించి కూడా అడిగారు. ముందు 11, వెనక 78 పళ్లయితే నిష్పత్తి 7.09. ముందు 12, వెనక 85 అయితే 7.08. అంటే రెండూ దాదాపు ఒకటే. నిర్ణయానికి ఆధారం స్ట్రెయిట్ (మలుపు లేని తిన్నని దారి) చివర వచ్చే ఆర్‌పీఎం ఒక్కటే కాదు, అన్నిటికంటే నెమ్మదైన మలుపులో పడిపోయే ఆర్‌పీఎం కూడా. అక్కడ మరీ పడిపోతుంటే వెనక ఒక పన్ను పెంచండి.

ప్రశ్న: మా అబ్బాయి కార్టింగ్‌లో టైటిళ్లు గెలిచాడు. 15 నిండగానే ఫార్ములా 4 టెస్టుకు పంపాం. ముందున్నవాళ్లకంటే 2 సెకన్లు వెనక. జట్టు ఇంజినీర్ "బ్రేక్, బ్రేక్" అంటాడే తప్ప వివరంగా చెప్పడు. తప్పెక్కడ?

జవాబు: ఇంజినీర్ ఒక్క ముక్కలో చెప్పినా సరిగానే చెప్పాడు. కార్ట్ నుంచి సింగిల్ సీటర్‌కు (ఒక్కరే కూర్చునే ఫార్ములా కారుకు) వచ్చేవాళ్లు పోగొట్టుకునే సమయంలో ఎక్కువ భాగం బ్రేక్ పెడల్ దగ్గరే పోతుంది. స్టీరింగ్ చేతులకు త్వరగానే అలవాటవుతుంది, ఎడమ కాలికి మాత్రం కొత్తగా నేర్పాలి.

కారణం చూడండి. గేర్లు లేని ఓకే లాంటి కార్ట్‌లో బ్రేకు వెనక ఇరుసుకు మాత్రమే ఉంటుంది. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుని తోక తిరుగుతుంది. అందుకని కార్ట్ డ్రైవర్ పెడల్‌ను కొలిచి కొలిచి తొక్కుతాడు, ఆ కాస్త తోక జారుడునే బండి తిప్పుకోవడానికి వాడుకుంటాడు కూడా. ఫార్ములా 4 కారులో నాలుగు చక్రాలకూ బ్రేకులున్నాయి, ముందు చక్రాలే ఎక్కువ పని చేస్తాయి. పైగా రెక్కలున్నాయి. రెక్కలు కారును నేలకు అదిమే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర ఉండే బలం 100 దగ్గర నాలుగో వంతే. కాబట్టి కారు ఎక్కువ బ్రేకును భరించగలిగేది బ్రేకు మొదలైన క్షణంలోనే. వేగం తగ్గేకొద్దీ పట్టు తగ్గుతుంది, పెడల్ మీద ఒత్తిడినీ దాంతోపాటే తగ్గిస్తూ రావాలి.

కారు నమోదు చేసిన డేటా తెరిచి, పెడల్ మీద ఒత్తిడి ఎలా మారిందో చూపే బ్రేక్ ప్రెషర్ గీత చూడండి. మంచి డ్రైవర్ గీత ఎడమ పక్క గోడలా నిటారుగా లేస్తుంది, కుడి పక్క వాలులా దిగుతూ మలుపు మధ్యకు కాస్త ముందు సున్నాకు చేరుతుంది. కార్టింగ్ నుంచి కొత్తగా వచ్చినవాడిది సరిగ్గా తలకిందులు: మెల్లగా ఎక్కుతుంది, మలుపు దగ్గర ఒక్కసారి తెగిపడుతుంది. ఎక్కేటప్పుడు కారు అత్యధికంగా ఆగగలిగిన కొద్ది మీటర్లు వృథా. తెగినప్పుడు ముక్కు పైకి లేచి ముందు టైర్ల మీద బరువు పోతుంది, అదే క్షణంలో వాడు స్టీరింగ్ తిప్పుతాడు, కారు తిరగదు. అప్పుడు బయటికొచ్చి "ముందు గ్రిప్ లేదు, రెక్క పెంచండి" అంటాడు. రెక్క పెంచితే స్ట్రెయిట్‌లో నెమ్మదిస్తుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఫిర్యాదు విన్నప్పుడల్లా ముందు గీత చూసి, తర్వాతే స్పానర్ పట్టాలి.

ఎలా నేర్పాలి? బ్రేకు వేసే చోటు మార్చకండి. మొదటి సెషనంతా ఎప్పటి చోటే ఉంచి, మొదటి తొక్కు మాత్రం గట్టిగా చేయమనండి. మలుపుకు చాలా ముందే కారు నెమ్మదిస్తుంది. అది మంచిదే. తర్వాతి సెషన్లో ఆ మిగిలిన దూరాన్ని 5 మీటర్ల చొప్పున తినేయమనండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు చోటు ఆలస్యం చేస్తారు, భయంతో తొక్కుతారు, ముందు చక్రం బిగుసుకుంటుంది. ఏబీఎస్ లేదు కదా, బిగుసుకున్న చక్రం ఒకేచోట అరిగి చదునైపోతుంది. ఆ చదును భాగం ప్రతి చుట్టులో అదురు పుట్టిస్తుంది, తర్వాతి బ్రేకులో చక్రం మళ్లీ అక్కడే ఆగడానికి చూస్తుంది. ఒక్క తప్పుకు ఒక సెట్ టైర్లు పోయినట్టే.

బ్రేకుకు సాయం చేసే బూస్టరూ లేదు, అంతా కాలి బలమే. సీటు పోత (డ్రైవర్ ఒంటి ఆకారానికి పోసే సీటు) సరిగా లేక నడుము వెనక్కి జరుగుతుంటే ఎంత బలమున్నా పెడల్‌కు చేరదు. టెస్టుకు ముందు సీటు పోత పోయించుకోవడానికి ఒక పూట కేటాయించండి. కూర్చుని కాలు పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగే ఉండాలి.

ఇంకొక సంగతి, ఇందులో మీవాడి తప్పు లేదు. ఫార్ములా 4లో టైర్లను ముందే వేడిచేసే దుప్పట్లు వాడరు. మొదటి ల్యాపులోనే వేగం కోసం పోతే టైరు పైపొర మాత్రమే కాలి లోపల చల్లగా ఉంటుంది. వేగమైన ల్యాపు రెండు మూడు ల్యాపులు వేడెక్కించాకే వస్తుంది. ఆ 2 సెకన్లు ఏ ల్యాపుతో పోల్చారో ఒకసారి అడగండి.

ప్రశ్న: కార్టింగ్ హెల్మెట్, సూట్ కారులో వాడుకోవచ్చా?

జవాబు: కూడదు. కార్టింగ్ సూట్ నేల మీద పడి రాసుకుపోయినా చర్మం లేవకుండా కాపాడటానికి కుట్టింది. కారు సూట్ మంటల నుంచి కాపాడటానికి, దాని ప్రమాణం ఎఫ్‌ఐఏ 8856. లోపలి బనియన్, మేజోళ్లు, తలముసుగు కూడా మంటకు ఆగే గుడ్డవే ఉండాలి, నైలాన్ లోదుస్తులు వేసుకుంటే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ కె ముద్ర ఉన్న హెల్మెట్‌కు మంట పరీక్ష ఉండదు, ఎస్‌ఏ ముద్రకు ఉంటుంది. పిల్లలకు ప్రత్యేకంగా తేలికగా చేసే హెల్మెట్ల మీద సీఎంఆర్ అని ఉంటుంది, అది కూడా కార్ట్ వరకే. కారులో మెడను కాపాడే హాన్స్ పరికరం తప్పనిసరి కాబట్టి హెల్మెట్‌కు దాని కొక్కేలు ఉండాలి.

ప్రశ్న: వర్షంలో మా కార్ట్ అసలు తిరగడం లేదు.

జవాబు: ముందు రెండు చక్రాల మధ్య దూరాన్ని పూర్తిగా పెంచండి, వెనక చక్రాల మధ్య దూరాన్ని తగ్గించండి, క్యాస్టర్ పెంచండి. తడిలో మలుపు బలాలు తక్కువ కాబట్టి లోపలి చక్రాన్ని లేపడానికి ఈ సాయం కావాలి. ఇక దారి: పొడిలో అందరూ వెళ్లే గీత మీద రబ్బరు పేరుకుని ఉంటుంది, తడిస్తే అది సబ్బులా జారుతుంది. దానికి బయటగా వెళ్లి, మలుపు చివర ఆ గీతను అడ్డంగా దాటాలి.

ప్రశ్న: ఫార్ములా 1కు ఎన్ని మెట్లు? కొందరు మధ్యలో మెట్లు దాటేశారు కదా, మేమూ దాటొచ్చా?

జవాబు: ఇప్పుడున్న వరస ఇది: ఫార్ములా 4, ఫార్ములా రీజనల్, ఫార్ములా 3, ఫార్ములా 2. ఇంజిన్ బలం రీజనల్ యూరప్‌లో (ఫార్ములా రీజనల్ యూరప్ పోటీలో) సుమారు 270 హార్స్‌పవర్, ఫార్ములా 3లో 380, ఫార్ములా 2లో 620. ఫార్ములా 1 సీటుకు ఎఫ్‌ఐఏ సూపర్ లైసెన్స్ కావాలి, దానికి మూడు సీజన్లలో 40 పాయింట్లు. ఫార్ములా 2లో మొదటి ముగ్గురికీ 40 వస్తాయి, ఫార్ములా 3 ఛాంపియన్‌కు 30, రీజనల్ యూరప్ ఛాంపియన్‌కు 25, ఫార్ములా 4 ఛాంపియన్‌కు 12. వీటితోపాటు ఫార్ములా 1 కారులో 300 కిలోమీటర్లు నడిపి ఉండాలి.

దాటినవాళ్ల సంగతి. కిమీ రైక్కొనెన్ 23 కారు రేసుల అనుభవంతో 2001లో ఫార్ములా 1లోకి వచ్చాడు. మ్యాక్స్ వెర్‌స్టాపెన్ 2013లో కేజెడ్ (గేర్లున్న కార్ట్‌ల క్లాసు) కార్టింగ్ ప్రపంచ ఛాంపియన్, 2014లో యూరోపియన్ ఫార్ములా 3లో 10 రేసులు గెలిచి, 2015లో 17 ఏళ్లకే ఫార్ములా 1లో ఉన్నాడు. ఆ తర్వాతే కనీస వయసు 18, పాయింట్ల లెక్క వచ్చాయి. 2024లో ప్రత్యేక సందర్భాల్లో 17 ఏళ్లవాళ్లనూ అనుమతించే వీలు పెట్టారు. ఆంద్రియా కిమీ ఆంటొనెల్లి 2022లో ఇటాలియన్ ఫార్ములా 4, 2023లో రీజనల్ యూరప్ గెలిచి, ఫార్ములా 3ని వదిలి నేరుగా 2024లో ఫార్ములా 2లోకి, 2025లో మెర్సిడెస్‌లోకి వెళ్లాడు. గమనించండి, మెట్టు దాటకముందు కింది మెట్లలో టైటిళ్లు గెలిచాడు. కింద నాలుగో స్థానంలో ఉన్నవాడు పై మెట్టు ఎక్కితే పద్దెనిమిదో స్థానంలో ఉంటాడు, వాడి డేటా ఎవరూ తెరిచి చూడరు.

గెలిస్తే చాలా? అదీ కాదు. ఆస్కర్ పియాస్ట్రి 2019లో ఫార్ములా రెనో యూరోకప్, 2020లో ఫార్ములా 3, 2021లో ఫార్ములా 2 వరసగా గెలిచినా 2022 అంతా రిజర్వు డ్రైవర్‌గానే గడిపాడు. ఫెలిపె డ్రుగోవిచ్ 2022 ఫార్ములా 2 ఛాంపియన్, మరుసటి ఏడాది ఫార్ములా 1 సీటు రాలేదు. ఛాంపియన్ మళ్లీ ఫార్ములా 2లో పోటీ చేయడానికి నిబంధన ఒప్పుకోదు.

ప్రశ్న: జట్టుతో ఒప్పందం చేసుకునేటప్పుడు ఏం అడగాలి?

జవాబు: రేసుల సంఖ్య అందరూ అడుగుతారు. మీరు టెస్టు రోజుల సంఖ్య, ప్రతి టెస్టుకు కొత్త టైర్ల సెట్లు ఎన్ని అని అడగండి. పాత టైర్ల మీద ఎంత తిరిగినా క్వాలిఫయింగ్‌కు (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే వేగపు పోటీకి) సాధన కాదు. ప్రమాదంలో విరిగిన భాగాల ఖర్చు ఎవరిది, దానికి పరిమితి ఉందా? రేసు ఇంజినీర్ ఒక్క కారుకేనా, రెండు కార్లకా? జట్టులోని మిగతా డ్రైవర్ల డేటా మీవాడికి పూర్తిగా చూపిస్తారా? ఈ చివరి ప్రశ్నకు నసిగితే ఇంకో జట్టు చూసుకోండి. పక్కవాడి బ్రేక్ గీత మీద తన గీత పెట్టి చూసుకోవడం కంటే వేగంగా నేర్పే పాఠం పిట్‌లో ఇంకొకటి లేదు.