సముద్రపు గాలికి దిగిపోయే కంజీర శ్రుతి

అయ్యా, కళింగపట్నంలో భజనకు కూర్చునేసరికి మీ మేకతోలు కంజీర (ఒకవైపే తోలు బిగించిన చిన్న చేతివాద్యం) శ్రుతి దిగిపోతోందని, నీళ్లు చల్లితే నాదం మరీ మందగిస్తోందని రాశారు. తడి తోలును వదులు చేస్తుంది కనుక, గాలిలోనే చెమ్మ ఉన్న మీ ఊళ్లో నీళ్లు చల్లకుండా, పొడిబట్టతో లోపలివైపు తుడిచి, అరచేతితో తోలును మెల్లగా రుద్ది వెచ్చబరచండి. నిప్పుసెగ దగ్గరగా చూపితే తోలు చిట్లుతుంది. శ్రుతి మరీ పైకెక్కినప్పుడు మాత్రమే వేళ్లు తడిపి లోపలివైపు రెండు మూడు చుక్కలు రాసి, అవి ఇంకేదాకా ఆగి, ఎడమచేతి వేళ్లతో అంచు దగ్గర నొక్కుతూ మంద్రనాదం వంగుతోందో లేదో పరీక్షించండి.

కొత్తది కొనేటట్లయితే, మీ తీరానికి మరలతో బిగించే సింథటిక్ తోలుదే మేలని నా గట్టి అభిప్రాయం. ఎదురెదురు మరలను కొద్దికొద్దిగా తిప్పి సరిచేసుకోవచ్చు. ఉడుముతోలు నాదం ఎంత గొప్పదైనా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది కనుక, ఎవరు చూపినా తీసుకోవద్దు.