టర్బో మార్చేముందు పైపులు చూడు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. యాక్సిలరేటర్ తొక్కితే ముందు నుంచి ఈల వస్తోందని, మెకానిక్ బానెట్ ఎత్తి ఒకసారి విని, ఇంజన్‌కి గాలి తోసే టర్బో పోయిందనేశాడని రాశావు. తొందరపడి ఆర్డర్ ఇవ్వకు. డీజిల్ బండ్లలో ఈ ఈల చాలాసార్లు గాలి పైపుల దగ్గరే తేలిపోతుంది. టర్బో అంటే వేలల్లో ఖర్చు, పైపు దానిలో చిన్న వంతు కూడా ఉండదు.

ముందు ఈల ఎప్పుడు వస్తోందో పట్టుకో, ఎక్కడి నుంచన్నది తర్వాత చూద్దాం. ఇంటి దగ్గర న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చెయ్యి. అప్పుడు కూడా ఇంజన్ స్పీడుతో పాటు కూత పెరుగుతుంటే బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బేరింగ్ మీద అనుమానం పెట్టుకో. ఏసీ వేయగానే ఎక్కువైనా, వాన పడిన పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమన్నా దాదాపు బెల్టే. న్యూట్రల్‌లో ఏమీ వినపడకపోతే రద్దీ లేని వేళ చూసుకుని సింహాచలం కొండ ఎక్కు, ఏసీ ఆపి, అద్దాలు దించి, పాటలు కట్టేసి. పక్కన అమ్మాయిని కూర్చోబెట్టుకుని వినమను, నీ కళ్లు మాత్రం మలుపుల మీదే ఉండాలి. ఎత్తులో తొక్కగానే మొదలై, కాలు తీయగానే టక్కున ఆగిపోతే అది లోడు మీద, అంటే ఇంజన్ బరువు లాగేటప్పుడు వచ్చే ఈల. అలా కాకుండా ఆనందపురం వైపు హైవే మీద 80లో వెళ్తూ కాలు తీసేసినా అదే శబ్దం ఉంటే తలుపు రబ్బర్లు, రూఫ్ రైలు చూసుకో, ఇంజన్‌ని కదపక్కర్లేదు.

లోడు మీదే ఎందుకొస్తుందో కూడా తెలుసుకో, రేపు ఎవరూ నిన్ను మభ్యపెట్టలేరు. టర్బో బయటి గాలిని నొక్కి, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజన్‌లోకి తోస్తుంది. న్యూట్రల్‌లో ఆ ప్రెషర్ పెద్దగా కట్టదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండిని బట్టి ఒక బార్ దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది, అంటే నీ టైరులో ఉండే గాలి ప్రెషర్‌లో సుమారు సగం. పైపుకి చిన్న చీలిక ఉన్నా గాలి అందులోంచి ఈలేస్తూ పోతుంది. సెన్సర్ కొలిచిన గాలి దారిలోనే పోయేసరికి ఇంజన్‌కి డీజిల్ ఎక్కువై నల్లపొగ, పికప్ తగ్గడం రెండూ కనిపిస్తాయి. నీకు పికప్ కూడా తగ్గిందన్నావు, అందుకే నా మనసు పైపు మీదికే పోతోంది.

ఇంజన్ బాగా చల్లారాక టార్చి పట్టుకుని టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్లే హోస్‌లు, అదే రబ్బరు పైపులు, రెండూ చేత్తో తడుము. పైభాగం చూసి వదిలేయకు, కింది వంపులోనే పగులుతాయి. ఆ లోపల నూనె ఆవిరి కొద్దిగా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి లీకున్న చోట నూనె చెమ్మ, దాని మీద దుమ్ము పట్టి నల్లగా మరక ఉంటుంది. నా దగ్గరికి ఒక బండి టర్బో మార్చాలన్న కాగితంతోనే వచ్చింది. హోస్ విప్పి వంచితే కింద గోరంత చీలిక, వంచినప్పుడే నోరు తెరుస్తోంది, వదిలితే మూసుకుపోతోంది. మామూలుగా చూస్తే ఎవరికీ కనపడదు. మన సముద్రపు గాలికి పైపుని బిగించే క్లాంపుల స్క్రూలు తుప్పు పట్టి పట్టు వదిలేస్తాయి, బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలిపే బండ్లయితే మరీనూ. ఎలుకలు కొరికిన పైపులు కూడా తక్కువేమీ కాదు. కంటికి దొరక్కపోతే పైపుల్లోకి పొగ పంపి చూసే స్మోక్ టెస్ట్ ఉన్న చోటికి తీసుకెళ్లు, పొగ ఎక్కడ బయటికొస్తే అక్కడే లీకు.

ఇంజన్ ఆడుతుండగా బెల్టు దగ్గర చెయ్యి, తువ్వాలు పెట్టకు. లీకు వెతకడానికి పెట్రోలు చల్లమని ఎవరైనా చెబితే అసలు వినకు, వేడి ఇంజన్ మీద భగ్గుమంటుంది. ఇంజన్ పొగని బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అతుకు దగ్గర నల్ల మసి కనిపించి, పొగ వాసన లోపలికి వస్తుంటే ఆ అతుకు మధ్య ఉండే గాస్కెట్ పోయినట్టే. ఆ పొగ ప్రాణాంతకం, పిల్లల్ని ఎక్కించుకోకుండా ముందు అది చేయించు.

ఇవన్నీ బాగున్నాయని తేలితేనే టర్బో విప్పించు, నువ్వు పక్కనే నిలబడు. గాలి లోపలికి పోయే వైపు ఇరుసు వేలితో కదిపితే పక్కలకు కొంచెం ఊగడం మామూలే. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కల అంచులు అరిగినా, గోడకి రాసుకున్నా అప్పుడు పోయినట్టు. అంబులెన్స్ సైరన్‌లా శబ్దం పెరుగుతూ నీలి పొగ వస్తుంటే మాత్రం ఎక్కడుంటే అక్కడే ఆపేసి టోయింగ్ పిలువు. అరకు ఘాట్ అసలే వద్దు.

హోస్ దొరికితే టేపు చుట్టించకు, ఆ వేడికి, ప్రెషర్‌కి నిలవదు. గాజువాక ఆటోనగర్ వెళ్లేటప్పుడు పాత ముక్క చేత్తో తీసుకెళ్లి సైజు, వంపు సరిచూసుకునే కొను. క్లాంపులు కూడా కొత్తవే వేయించు. బిగించే ముందు పైపు మూతి మీది నూనె శుభ్రంగా తుడవమను, లేకపోతే మొదటి ఎత్తులోనే జారి ఊడిపోతుంది. మరీ బిగించినా రబ్బరు తెగుతుంది. అయ్యాక మళ్లీ అదే కొండ ఎక్కి చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య