పొద్దున్నే అయిదున్నరకి మోగే ఫోను

చి.ల.సౌ. బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. మొన్న ఫోన్లో హోమ్ కేర్ ఏజెన్సీ, అంటే పెద్దవాళ్ళ ఇళ్ళకి తోడు మనుషుల్ని పంపే కంపెనీ, పెడతానన్నావు. లైసెన్స్ ఎలా తెచ్చుకోవాలి పిన్నీ అని నాలుగుసార్లు అడిగావు. ఆరింటికి రావాల్సిన మనిషి రాకపోతే ఏం చేస్తావని ఒక్కసారీ అడగలేదు. కాలిఫోర్నియా బే ఏరియాలో పన్నెండేళ్ళు ఈ పని నడిపిన దాన్ని కదా, నువ్వడిగినది ముందు చెప్పేసి, అడగనిది తర్వాత చెబుతాను.

మొదట మీ ఇంటి సంగతి. నీకు హెచ్4 ఈఏడీ, అంటే భర్త వీసా మీద ఉన్న భార్యకిచ్చే పని అనుమతి, ఉంది కాబట్టి నువ్వు వ్యాపారం చేయొచ్చు. మీ ఆయన, మా అల్లుడిది హెచ్1బీ, తన కంపెనీకి మాత్రమే పని చేయడానికిచ్చే వీసా. అతను డబ్బు పెట్టొచ్చు గానీ నీ ఏజెన్సీలో పని చేయకూడదు. షెడ్యూల్ వేయడమూ పనే, క్లయింట్ ఫోను ఎత్తడమూ పనే. "సాయంత్రాలు నేను చూసుకుంటాలే" అన్నాడట, ఆ మాట మళ్ళీ అననివ్వకు.

ఇక లైసెన్స్. నేను మొదలుపెట్టినప్పుడు కాలిఫోర్నియాలో ఎవరు పడితే వాళ్ళు బోర్డు పెట్టేవాళ్ళు. 2016 జనవరి 1 నుంచి లైసెన్స్ ఉండాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రాష్ట్ర సోషల్ సర్వీసెస్ శాఖలోని హోమ్ కేర్ సర్వీసెస్ బ్యూరోకి దరఖాస్తు పెట్టాలి. ఫీజు 5,000 డాలర్లు దాటుతుంది, లైసెన్స్ రాకపోయినా తిరిగి రాదు. దాంతోపాటు ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్లు, మొత్తం మీద 30 లక్షల డాలర్లు కవరయ్యే లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టే బీమా) కావాలి. మన మనిషి వాళ్ళింట్లో దొంగతనం చేస్తే నష్టం కట్టడానికి 10,000 డాలర్ల బాండ్, పనివాళ్ళకు వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే కట్టే బీమా) కావాలి. రెండేళ్ళకోసారి రెన్యువల్. కంపెనీ రిజిస్ట్రేషన్, ఈఐఎన్ (కంపెనీకిచ్చే పన్ను నంబరు) లాంటివి మీ అకౌంటెంటు రెండు రోజుల్లో చేసిపెడతాడు, వాటికి టెన్షన్ పడకు.

ఈ లైసెన్స్‌తో ఏం చేయొచ్చో మాత్రం కంఠతా వచ్చేయాలి. స్నానం చేయించడం, బట్టలు వేయడం, బాత్రూముకి నడిపించడం, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, తినిపించడం, తోడుగా కూర్చోవడం, అంతే. కూతురు డబ్బాలో సర్దిపెట్టిన మాత్రని "వేసుకోండి తాతగారూ" అని గుర్తుచేయొచ్చు. ఇన్సులిన్ పొడవకూడదు, పుండుకు కట్టు కట్టకూడదు. అది హోమ్ హెల్త్, అంటే ఇంట్లో చేసే వైద్యం, దానికి వేరే శాఖ, వేరే లైసెన్స్. మనవాళ్ళే "ఒక్క ఇంజెక్షనే కదా ఆంటీ" అని బతిమాలతారు. మొహమాటపడ్డావో మునిగిపోతావు.

డబ్బు గురించి కూడా మొదటి రోజే తేల్చేయి. పెద్దవాళ్ళకి గవర్నమెంటిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఇలాంటి తోడు పనికి డబ్బివ్వదు. గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు అంతా గవర్నమెంటే ఇస్తుందని పిల్లలు అనుకుంటారు, నీ నోటినుంచి కాదని వినగానే మొహం మాడ్చుకుంటారు. సొంత డబ్బు పెట్టేవాళ్ళు, లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ (ఏళ్ళ తరబడి సాయం కావాల్సినప్పటి బీమా) ఉన్నవాళ్ళు, సైన్యంలో చేసినందుకు సాయం వచ్చేవాళ్ళు, నీ క్లయింట్లు వీళ్ళే. వాళ్ళ చెక్కులు ఆలస్యంగా వస్తాయి, మన జీతాలు ఆలస్యం కాకూడదు. మూడు నెలల జీతాలు బ్యాంకులో లేకుండా మొదలుపెట్టకు.

మనుషుల్ని పెట్టుకోవడం దగ్గరే అసలు కష్టం. ఒక్కొక్కరికీ లైవ్ స్కాన్ వేలిముద్రలు (పాత నేరాలున్నాయేమో చూడ్డానికి), హోమ్ కేర్ ఎయిడ్ రిజిస్ట్రీ అనే రాష్ట్ర జాబితాలో పేరు, టీబీ పరీక్ష కావాలి. గడప దాటి లోపలికి వెళ్ళకముందే 5 గంటల శిక్షణ, ఆ తర్వాత ఏటా మరో 5 గంటలు. ఇవన్నీ ఉన్న మనిషి దొరక్కపోతే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "మా అత్తగారు ఊరి నుంచి వచ్చి ఖాళీగానే ఉన్నారు, ఆవిడకి నగదు ఇచ్చేయండి, తెలుగు కూడా వచ్చు." విజిటర్ వీసా మీద వచ్చిన ఆవిడ జీతానికి పని చేయకూడదు. పట్టుబడితే ఆవిడ మళ్ళీ మనవల్ని చూడ్డానికి రావడమే కష్టమవుతుంది. ఆ పాపం మనకెందుకు? అలాగే ఎవర్నీ 1099 మీద, అంటే కాంట్రాక్టర్లుగా, పెట్టుకోకు. వాళ్ళు నీ ఉద్యోగులు, ఉద్యోగులకిచ్చే జీతం పత్రం డబ్ల్యూ2 ఇవ్వాల్సిందే.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. తొలి రోజుల్లో రాత్రి డ్యూటీకి ఇంత అని గంపగుత్తగా ఇచ్చేదాన్ని. పన్నెండు గంటల రాత్రి, పెద్దాయన మూడుసార్లు లేస్తాడు, ఆ అమ్మాయి మూడుసార్లూ లేచేది. ఏడాది తర్వాత మానేసి కార్మిక శాఖలో ఫిర్యాదు చేసింది. ముందు కోపమొచ్చింది. కాగితం ముందు పెట్టుకుని గంటలు లెక్కేస్తే తనదే న్యాయం. బకాయి మొత్తం కట్టాను, ఆ ఏడాది నాకు మిగిలిందేమీ లేదు. కాలిఫోర్నియాలో ఇలా తోడుండే మనిషికి రోజుకు 9 గంటలు దాటితే, దాటిన గంటలకు ఒకటిన్నర రెట్ల జీతం ఇవ్వాలి. వారానికి 40 గంటలు దాటితే ఇవ్వాలన్న కేంద్ర నియమం ఏజెన్సీలకు 2015లో వచ్చింది, 2025లో దాన్ని ఎత్తేస్తామని ప్రతిపాదించారు, నువ్వు మొదలుపెట్టే రోజుకి ఎలా ఉందో లాయర్ని అడుగు. ఇంకో మెలిక ఉంది. తాతగారి కోసం వెళ్ళిన మనిషి చేత ఇల్లంతా తుడిపించి, అయిదుగురికీ పప్పూ కూరా వండించారనుకో. ఆ పని మొత్తం గంటల్లో 20 శాతం దాటితే ఆ 9 గంటల లెక్క పోయి మామూలు 8 గంటల లెక్క వస్తుంది. అందుకే ఒప్పందంలో వంట ఎవరికో పేరు పెట్టి రాయించు.

మొదటిసారి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు కొడుకు చెప్పేది విను, కానీ పెద్దాయన చెప్పేదాకా లేవకు. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, నేల మీద జారే పట్టా ఉందా చూడు. ఏం తింటారు, ఎవరితో స్నానం చేయించుకుంటారు అడుగు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు వారం రోజుల పాటు ఆడమనిషిని బాత్రూము దగ్గరకు రానివ్వలేదు. కొడుకేమో తెలుగొచ్చిన వాళ్ళే కావాలని పట్టు. చివరికి ఫిలిప్పీన్స్ అబ్బాయిని పంపాను, తెలుగు ఒక్క ముక్క రాదు. "మాస్టారూ" అనడం నేర్పాను. ఆ పిలుపుకే ఆయన నీళ్ళగదికి నడిచారు.

ఇక ఆ ఫోను. పొద్దున్నే అయిదున్నరకి వస్తుంది, ఎప్పుడూ సోమవారమే. "నా బిడ్డకి జ్వరం, రాలేను." తిట్టకు. అవతల ఇంట్లో డైపర్ తడిసి పడుకున్న మనిషి ఉంటాడు, కూతురు ఏడున్నరకి ఆఫీసుకి బయల్దేరాలి. కాబట్టి ఇద్దరు క్లయింట్లు ఉన్నప్పుడే నలుగురు మనుషుల్ని తయారుగా పెట్టుకో. ఖాళీగా ఉన్నవాళ్ళకి వారానికి కొన్ని గంటలైనా ఇస్తూ ఉండు, లేకపోతే వేరేచోటికి వెళ్ళిపోతారు. అప్పటికీ ఎవరూ దొరకని రోజులుంటాయి, నువ్వే వెళ్ళాలి. నా కారు డిక్కీలో ఎప్పుడూ గ్లోవ్స్, జత బట్టలు ఉండేవి.

నువ్వు వెళ్ళాలన్నా రిజిస్ట్రీలో నీ పేరుండాలి, టీబీ కాగితం ఉండాలి. అందరికంటే ముందు ఆ రెండూ నీకే చేయించుకో. వచ్చే శనివారం మధ్యాహ్నం భోజనానికి రా, నా పాత ఒప్పందాల ఫైలు అటక మీంచి దించి ఉంచుతాను. వచ్చేటప్పుడు అల్లుణ్ణి కూడా తీసుకురా, ఫోను ఎత్తకూడదని నేనే చెబుతాను.

ఇట్లు,
మీ పిన్ని